విభూతితో తుడిచిన కండ్లద్దాలు

బళేపేట, బెంగళూరు
14-8-1968

చిరంజీవి నంజుండప్పకు పెద్దక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఉన్న ఒక్క కంటికీ పొగ కమ్ముతోందని, అచ్చుకూటంలో అక్షరాలు పేర్చలేకపోతున్నానని, సోమవారం పని మానేస్తానని రాశావు. ఆ మాట యజమానికి ఇంకా చెప్పకు.

నిన్న నీ కండ్లద్దాలు చేసిన అంగడికి పోయాను. గాజు పగిలితే ఆ కన్ను కూడా పోతుందని డాక్టరు భయపెట్టబట్టే కదా ప్లాస్టిక్‌వి వేయించాము. అంగడి గోపాలప్ప, "రోజూ దేంతో తుడుస్తారమ్మా?" అని అడిగాడు. చెప్పాను. నువ్వు నా దగ్గర ఉన్న నెల రోజులూ, పూజ కాగానే లాంతరు చిమ్నీ తుడిచినట్టే వాటినీ విభూతితో రుద్దాను. అద్దంతో పాటు కంటికీ మేలని నమ్మాను. నువ్వు ఊరికి పోయేటప్పుడు పొట్లం కట్టిచ్చింది కూడా అందుకే.

"అయ్యో తల్లీ, తోమేదానికి అదేమన్నా ఇత్తడి చెంబా? గాజైతే తట్టుకుంటాది. ప్లాస్టిక్కు గీతలు పడి మసకైపోతాది" అన్నాడు. ప్లాస్టిక్ అద్దం ముక్క ఒకటి తీసి నా ముందే విభూతితో రుద్ది వెలుతురుకు పట్టాడు. పొగ పట్టినట్టే ఉంది.

నీ పాత గాజు అద్దాలు పెట్టెలో ఉంటాయి. నంబరు మారలేదట. ఒక్కసారి కూర్చుని, జాగ్రత్తగా పెట్టుకుని పేపరు చదువు. అక్షరాలు తేటగా కనిపిస్తే కొత్తవి వేయించి పంపుతాను. కనిపించకపోతే వెంటనే రాయి, నేనే వస్తాను.

తప్పు నాదే కావాలని నిన్నటి నుంచి దేవుణ్ణి వేడుకుంటున్నాను.

నీ పెద్దక్క