స్కానింగ్ గదిలోకి సైకిలు

ప్రభుత్వ పెద్దాసుపత్రి సూపరింటెండెంట్ గారి సముఖమునకు,
మైదుకూరు దగ్గరి చేనేత కాలనీ కాపురస్తురాలు సుబ్బరత్నమ్మ వ్రాసుకొను అర్జీ.

విషయం: నా కూతురు రమ్యశ్రీ ఎడమ కాలికి స్కానింగ్ తీయు సమయమున ఆమె సైకిలును గది లోపలికి అనుమతించుట గురించి.

అయ్యా,

నా కూతురు క్రీడా హాస్టలులో ఉండి దూరపు సైకిలు పందేలలో పాల్గొనుచున్నది. ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే ఎడమ తొడ మంటపుట్టి, పాదం మొద్దుబారి, కాలు తనది కానట్టు అయిపోవుచున్నది. దిగి కాసేపు కూర్చుంటే ఏమీ లేనట్టు తగ్గిపోవుచున్నది. ఈ తగ్గిపోవడమే మా పాలిట శనియై కూర్చున్నది.

1. మొదట చీటీ రాయించునపుడు "నరం పట్టేస్తాంది సార్" అని నేను చెప్పితిని. మా ఇండ్లలో నెత్తురు పారేదీ నరమే, జివ్వుమనేదీ నరమే. గుమస్తా గారు నరాల విభాగమునకు వ్రాసినారు. అక్కడ మోకాలి మీద సుత్తితో కొట్టి, అరికాలిలో సూదితో గుచ్చి, నరములు దివ్యముగా ఉన్నవని పంపివేసినారు.

2. తరువాత రక్తనాళములకు స్కానింగ్ తీసినారు. బల్ల మీద పండుకోబెట్టి తీసినారు. రక్తం బాగా పారుచున్నది, లోపము లేదని రిపోర్టు. పండుకున్న కాలికి నొప్పి ఎక్కడిది సార్?

3. ఆ రిపోర్టు చూసి హాస్టలు కోచ్ గారు "నటన" అని వ్రాసినారు. ఈ నెలాఖరులోగా జబ్బు రుజువు చేయనిచో పేరు కొట్టివేయుదురట. తమ ఆసుపత్రిలోని డాక్టర్ క్రిస్టినా గారు ఒక్కరే పాపను కూర్చోబెట్టి అన్నీ అడిగినారు. "గజ్జల దగ్గర రక్తనాళం సన్నబడినట్టుందమ్మా. ఊరికే ఉన్నప్పుడు ఇది కనపడదు. కాలు పట్టేసేదాకా తొక్కించి, దిగీదిగంగానే స్కాన్ పెట్టాలా, చీలమండ దగ్గర బీపీ చూడాలా. వదిలేస్తే ఆ నాళం పూర్తిగా మూసుకుపోవచ్చు, పాదానికి రక్తం అందదు" అన్నారు. గది లోపల తొక్కించుటకు తమరి అనుమతి కావలెనట.

తమరిని ఇబ్బంది పెట్టకుండానే ప్రయత్నించినాము. సైకిలు తెచ్చితిమి. వాచ్‌మన్ పెద్ద ఈరన్న గేటు దగ్గర ఆపి, "ఏమ్మా, ఆసుపత్రి అనుకుంటివా, సైకిలు షాపు అనుకుంటివా? స్టాండులో పెట్టు పో" అన్నాడు. పాప ఆసుపత్రి గోడ చుట్టూ తొక్కి, కాలు పట్టేయగానే కుంటుకుంటూ లోపలికి వచ్చినది. స్కానింగ్ గది ముందు వరుస. అందరూ నెలలు నిండిన తల్లులు, పక్కకు జరగమని ఏ నోటితో అడుగుదును? మా పేరు పిలిచేసరికి కాలు బాగైపోయింది. మళ్లీ పోయి తొక్కింది. మళ్లీ బాగైపోయింది. నా బిడ్డ కాలు బాగైందని నేను ఆ వరండాలో కూర్చొని ఏడ్చినాను సార్. ఏ తల్లీ ఇందుకు ఏడ్వదు.

నిన్న పాప, "అమ్మా, నేను నిజంగానే నటిస్తాండానేమో" అన్నది. ఆ మాట విన్నాకనే ఈ అర్జీ వ్రాయ కూర్చున్నాను.

కావున తమరు దయతలచి, సైకిలును, దాని వెనుక చక్రమును లేపి పట్టుకొనుటకు నన్ను, గది లోపలికి రానిచ్చి, పాప దిగిన వెంటనే స్కానింగ్ తీయించవలెనని చేతులెత్తి వేడుకొనుచున్నాను. ఈ తల్లి మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సుబ్బరత్నమ్మ

తా.క.: సార్, ఈ అర్జీ ఇయ్యడానికి వచ్చి మీ గది బయటే ఉండాం. బస్టాండు నుంచి ఈడికి నడిచినందుకే పాపకు కాలు పట్టేసింది. శానాసేపు కూర్చోబెట్టినా తగ్గలేదు. పాదం పట్టుకుంటే చల్లగా ఉండాది. సైకిలు వద్దు సార్. ఉత్త కాలినే చూడండి, ఇప్పుడే.