తడి తగలని చోటు

మార్చి 4

ఇవాళ్టి నుంచి నాకు గెస్ట్‌హౌస్ పై అంతస్తులో చివరి గది డ్యూటీ. మేనేజరు గారు పక్కకి పిలిచి, నువ్వు నెమ్మదైనదానివి, దైవభక్తి ఉన్నదానివి, అందుకే నిన్ను వేస్తున్నాను అన్నారు. తర్వాత రూలు చెప్పారు. ఆ గదిలో ఎవరూ లేరు. ఉన్నట్టు కనిపించినా లేరు. పలకరించకూడదు, తల ఎత్తకూడదు. పక్క సర్ది, నేల తుడిచి వచ్చేయాలి.

తలుపు తీశాను. కిటికీ పక్కన కుర్చీలో ఆ లేని మనిషి కూర్చుని ఉన్నాడు.

మార్చి 5

ఆయనెవరో గెస్ట్‌హౌస్‌లో అందరికీ తెలుసు. సైన్యంలో పెద్ద హోదాలో పనిచేసినాయన. యుద్ధం రోజుల్లో ఏటి అవతలి ఊళ్ళను ఖాళీ చేయించాడట. ఖాళీ అయితే అయ్యాయి గానీ ఆ జనం మరే ఊరికీ చేరలేదు. దేశాలన్నీ కలిసి పెట్టుకున్న కోర్టు ఆయన మీద వారంట్ ఇచ్చింది. అప్పగించమని అడుగుతోంది. మా దేశంలో లేడని మా ప్రభుత్వం రాసిచ్చింది. కాబట్టి లేడు.

వంటాయన నోరు మూతపడదు, అందుకే ఆయన్ని అందరం రేడియో అంటాం. ఇవాళ పైనుంచి ట్రే తిరిగొస్తే, లేని మనిషికి కూరలో ఉప్పు చాల్లేదటమ్మా అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఇంటికొచ్చాక, నవ్వినందుకు దేవుడి ముందు కూర్చుని చెప్పుకున్నాను.

మార్చి 9

పని అలవాటైంది. ఆయన బూటుకాళ్ళు ఎప్పుడూ ఒకేచోట, కుర్చీ ముందు జంటగా ఆనించి ఉంటాయి. నేను తుడుస్తున్నా కదపడు. చుట్టూ తిప్పి తుడిచేస్తాను. ఇప్పుడు చూడక్కర్లేదు కూడా. మాప్‌కే తెలిసిపోయింది.

మార్చి 12

ఇంట్లో చెప్పకుండా ఉండలేకపోయాను. మా ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి, రోజూ పేపరు అక్షరం వదలకుండా చదువుతారు. మనింట్లో తప్పు జరిగితే మనం తేల్చుకోవాలి గానీ, ఎవడో వీధి చివరివాడొచ్చి మన పిల్లాడి చెవి మెలిపెడతాడా అన్నారు. పెద్ద దేశాల జనరల్స్‌ని ఆ కోర్టు ఎన్నడైనా పిలిచిందా అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నేనూ ఇంటి గొడవ వీధిలో పెట్టే మనిషిని కాను.

మా తోడికోడలు బట్టలు మడతపెడుతూ వింటోంది. మరిది పోయాక మాతోనే ఉంటోంది. ఆమె పుట్టిల్లు ఏటి అవతల. అక్కడ ఒక్కరూ మిగలలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరం ఎత్తం. చేతిలో బట్ట పక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

“అక్కా, ఆయనకి నిద్ర పడుతుందా?”

తెలీదన్నాను. తెలుసు. రోజూ ఆ పక్క సర్దేది నేనే. దిండు మధ్యలో ఒకటే గుంట ఉంటుంది, లోతుగా. ఒక్కసారి కూడా అటూ ఇటూ పొర్లని మనిషి గుంట.

మార్చి 15

ఆయన మాట్లాడాడు. టైమెంతయింది అని అడిగాడు. చేతికి వాచీ ఉంది. నేను పలకలేదు. వాన పడుతోందా అన్నాడు. కూర్చున్నది కిటికీ పక్కనే. నేను తుడుస్తూనే ఉన్నాను.

మెట్ల మీద ఆగి దేవుణ్ణి తలుచుకున్నాను. ఆయన్ని చూసి కాదు నాకు భయం వేసింది. ఒక మనిషి పిలుస్తుంటే వినపడనట్టు ఉండటం నాకింత తొందరగా ఎలా పట్టుబడింది?

మార్చి 18

కోర్టు తరఫువాళ్ళు రేపు వస్తున్నారు. రానివ్వకపోతే అనుమానం, రానిస్తే పరువు తక్కువ. చివరికి, వచ్చి చూసుకోండి, మా దగ్గర దాచేదేమీ లేదు అన్నారట పైవాళ్ళు.

మేనేజరు గారు మమ్మల్ని వరసగా నిలబెట్టి “ఎవరూ లేరండీ” అని అనిపించారు. నా వంతుకి ‘ఎవరూ’ దగ్గరే ఆగిపోయాను. రేపది అబద్ధం కూడా కాదమ్మా, పొద్దున్నే ఆయన్ని వేరేచోటికి పంపించేస్తాం, నీ దేవుడు కూడా ఏమీ అనుకోడు అన్నారు. రేడియో కూడా నవ్వలేదు.

మార్చి 19, సాయంత్రం

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను.

గది నిజంగానే ఖాళీ. బీరువా ఖాళీ, కుర్చీ ఖాళీ. కోర్టువాళ్ళ జీపులు గేటు దాటి లోపలికొచ్చాయి, త్వరగా తుడిచెయ్యి అన్నారు మేనేజరు గారు. తుడిచి, బకెట్టు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. ఒకావిడ వచ్చింది, నా ఈడే ఉంటుంది, తలంతా నెరిసింది. వెంట మన భాష వచ్చినాయన, కెమెరా పట్టుకున్నాయన. ఆవిడ బాత్రూమ్ చూసింది, పరుపు ఎత్తి చూసింది. వెళ్ళిపోబోతూ కుర్చీ ముందు ఆగింది.

నేలంతా తడిగా మెరుస్తోంది. కుర్చీ ముందు మాత్రం రెండు పొడి మచ్చలు. బూట్ల ఆకారంలో, జంటగా.

లేని కాళ్ళ చుట్టూ తుడిచాను నేను.

మేనేజరు గారి మొహం చూడలేకపోయాను. కెమెరా క్లిక్‌మంది. ఆవిడ నా వైపు తిరిగి ఏదో మెల్లగా అడిగింది. పక్కనాయన మన భాషలో చెప్పాడు.

“ఇక్కడ ఎవరు కూర్చుంటారమ్మా?”

గది ఖాళీ. ఎవరూ లేరండీ అంటే సరిపోయేది. అబద్ధం కూడా కాదు. మా ఆయన అన్న ఇంటి గొడవ మాట గుర్తొచ్చింది. తర్వాత ఆ దిండు గుర్తొచ్చింది.

“రోజూ ఒకాయన కూర్చుంటాడండీ. నేను కాళ్ళ చుట్టూ తుడుస్తాను.”

వాళ్ళు రాసుకునేలోపే నేల ఆరిపోయింది.

మార్చి 21

పేపర్లో ఆ ఫొటో వేశారు. తడి గచ్చు చూపించి మన దేశాన్ని బోనెక్కిస్తారా అని మంత్రిగారు సభలో అడిగితే అందరూ బల్లలు చరిచారట. మా ఆయన పేపరు మడిచి, అన్నం ముట్టకుండా లేచిపోయారు. తోడికోడలు నాకు వడ్డించి పక్కన కూర్చుంది. తిన్నంతసేపూ నా ఎడమ చెయ్యి వదల్లేదు.

మార్చి 22

తిడతారనుకునే డ్యూటీకి వెళ్ళాను. ఎవరూ తిట్టలేదు. పలకరిస్తే వాచ్‌మన్ నా వెనక గోడను చూశాడు. మేనేజరు గారి బల్ల ముందు నిలబడ్డాను. ఆయన ఫోనెత్తి, ఇక్కడొక పోస్టు ఖాళీగా ఉంది, నెమ్మదైన మనిషిని చూసి పంపండి అన్నారు. నా మొహంలోకి చూస్తూనే అన్నారు. రేడియో అందరికీ టీ పోస్తూ నా కప్పు దాటి వెళ్ళాడు. పక్క కప్పు నిండి సాసర్లోకి టీ ఒలికింది.

మార్చి 23

చేసే పని లేక, కాళ్ళు అలవాటుగా పైకి తీసుకెళ్ళాయి. చివరి గది తలుపు తీసి ఉంది. ఆయన తిరిగొచ్చేశాడు. అదే కుర్చీ, అదే చోట బూట్లు. తల తిప్పి నన్ను తేరిపార చూశాడు. ఆ భవనంలో నన్ను చూసింది ఆయనొక్కడే.

“రామ్మా, కూర్చో. ఇక మనిద్దరమే కదా.”

వెళ్ళలేదు. కిందికి దిగి స్టోర్‌రూమ్‌లో నా బకెట్టు పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

మార్చి 24

కొత్తామె వచ్చింది. నెమ్మదైన మనిషిలాగే ఉంది. స్టోర్‌రూమ్ శుభ్రంగా తుడిచింది. తల ఎత్తలేదు. నా పాదాల చుట్టూ తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.