కార్డు మీద పట్టని వాక్యాలు

అక్కకూ బావకూ వందనాలు.

ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు పట్టింది. చిక్కడపల్లి రోడ్డంతా బురద. నేను పని చేసే రీడింగ్ రూంలోకి షట్టరు కిందనుంచి నీళ్ళు వచ్చాయి. పొద్దున్నే పోయి నీళ్ళు తోడి, నేల తుడిచి, కుర్చీలు సర్దేసరికి చదువుకునేవాళ్ళు రావడం మొదలైంది. మధ్యాహ్నం దాకా వాళ్ళకు సీట్లు చూపించడం, ఫోన్లు మాట్లాడేవాళ్ళను బయటికి పంపడం నా పని. తర్వాత ఒక మూలన కూర్చుని నా పుస్తకాలు నేను చదువుకుంటాను.

అమ్మ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? చిన్నదానికి జ్వరం తగ్గిందా? బావ మిర్చికి మందు కొట్టాడా? నా ఒంట్లో బాగానే ఉంది. అశోక్‌నగర్ హాస్టల్లో పప్పు నీళ్ళలా పోస్తారు, అయినా కడుపు నిండుతుంది. నా గురించి బెంగ వద్దు.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెడుతుంది. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాలి.

ఈసారి కూడా ఉద్యోగ పరీక్షలో ఎంపికైనవాళ్ళ జాబితాలో నా నంబరు లేదు. అమ్మకు చెప్పలేకపోయాను. కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్ళెంలోంచి నేను తీసిన వాగ్దానపు కార్డు, ఆ ఏడాదికి నాకు దేవుడి మాటని ఒక బైబిలు వాక్యం అచ్చేసి ఉన్నది, నీకు గుర్తుంది కదా. కీడు కాదు, మేలే చేస్తానని దేవుడు అన్న మాట అందులో వచ్చింది. అంటే ఉద్యోగం వచ్చినట్టేనని అమ్మ సంఘం ముందు లేచి సాక్ష్యం చెప్పింది. కోత పండుగకు నేనే వచ్చి నా నోటితో చెబుతానని పాస్టరుగారికి మాట కూడా ఇచ్చింది. ఎప్పుడు ఫోన్ చేసినా అదే మాట.

జాబితా చూసిన రోజు నుంచి నాకు ప్రార్థన రాలేదు. ఆ కార్డు మంచం పక్క గోడకు అంటించి ఉంది. అటు వీపు పెట్టి పడుకునేవాణ్ణి. ఆదివారం నారాయణగూడ చర్చికి పోయాను కానీ పాటలప్పుడు నోరు తెరవలేదు. ఒక సాయంత్రం ట్యాంక్‌బండ్ దాకా నడిచి, నీళ్ళ పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఎందుకు పోయానో నీకు అర్థమవుతుంది. తిరిగి వచ్చాను. మళ్ళీ అటు పోలేదు. ఈ ముక్క మాత్రం అమ్మకు ఎప్పుడూ చదవకు.

మా గదిలో ఎల్లేశన్న అని ఉంటాడు, వనపర్తి దిక్కు మనిషి. నాకంటే చాలా ముందు వచ్చినవాడు. మన సంఘం వాడు కాదు, సోమవారం శివుడి గుడికి పోతాడు. నేను కార్డు గోడ మీంచి పీకుతుంటే చూసి, ఏందని అడిగాడు. చెప్పాను. కార్డు చేతిలోకి తీసుకుని చదివాడు.

"ఏంది తమ్మీ, పాసేజీ సదవకుండనే ఆన్సర్ పెట్టినవా? గిది ఒక్క లైనే గద. పైన ఏమున్నది, కింద ఏమున్నది?"

ఇది పరీక్ష కాదు, వాగ్దానం అన్నాను.

"గట్లయితే ఇంకింత పైలంగ సదవాలె" అన్నాడు.

కోపం వచ్చింది. అయినా బైబిలు తీసి ఆ అధ్యాయం మొదటినుంచి చదివాను. చిన్నప్పటినుంచి వింటున్న వాక్యమే, చుట్టూ ఏముందో ఒక్కసారీ చూడలేదు. అది ఒక ఉత్తరం అక్కా. ఊరు పోగొట్టుకుని బబులోనులో బందీలుగా పడి ఉన్నవాళ్ళకు ప్రవక్త రాసి పంపాడు. త్వరలోనే ఇంటికి పోతారని చెప్పేవాళ్ళ మాట నమ్మవద్దన్నాడు. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్ళిళ్ళు చేయండి, ఆ పట్టణం బాగు కోసం ప్రార్థించండి అన్నాడు. డెబ్బై ఏళ్ళు గడిచాకే దేవుడు వాళ్ళను తిరిగి తెస్తాడట. నా కార్డు మీది మాట దాని తర్వాత వస్తుంది.

ఎల్లేశన్న పడీ పడీ నవ్వాడు. "డెబ్బై ఏండ్లా! మన నోటిఫికేషనే నయమున్నది పో."

నాకు నవ్వు రాలేదు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళు మళ్ళీ ఊరు చూసి ఉండరు. మొదట ఇంకా కుంగిపోయాను. మర్నాడు మళ్ళీ చదివాను. వాళ్ళ మనసు చల్లబరచడానికి దేవుడు తేదీ తగ్గించి చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, అక్కడే ఉండి నన్ను వెతకండి, దొరుకుతాను అన్నాడు. నాకు ఉద్యోగం ఇస్తానని ఆయన ఎక్కడా అనలేదు. అన్నది మనం.

అప్పటినుంచి షట్టరు తీసే ముందు రోజూ ఒక అధ్యాయం, ముందూ వెనకా వదలకుండా చదువుతున్నాను. ఎల్లేశన్న కూడా వచ్చి కూర్చుంటాడు. అర్థం కాకపోతే ఆపి అడుగుతాడు. కొన్నిటిని పుస్తకం వెనక రాసి పెట్టుకుంటున్నాను. ఆయనకు ఈ ఏడాదితో వయసు దాటిపోయింది, ఇక ఏ పరీక్షకూ కూర్చోలేడు. ఆ మాట ఎత్తడు.

ధైర్యం వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. కానీ మళ్ళీ ప్రార్థన చేస్తున్నాను. ఈ గల్లీ కోసం, టీ కొట్టాయన కోసం, రీడింగ్ రూంలో తలలు వంచుకుని కూర్చునేవాళ్ళ కోసం చేస్తున్నాను. నా కోసం అడగడం ఇంకా రావడం లేదు.

నువ్వు చేయాల్సిన పని ఇది. జాబితా సంగతి అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. కోత పండుగకు వస్తాను, ఉద్యోగపు సాక్ష్యం మాత్రం చెప్పను. పాస్టరుగారు ఒప్పుకుంటే ఆ అధ్యాయం మొత్తం చదివి కూర్చుంటాను. అమ్మకు తలవంపులుగా ఉంటుందని తెలుసు. నన్ను మాట మార్చమని అడగవద్దని చెప్పు.

వచ్చేవాళ్ళుంటే కారప్పొడి, ఒక దుప్పటి పంపు. చలిగా ఉంటోంది. పెద్దనాయనకూ పాస్టరమ్మగారికీ నా వందనాలు చెప్పు. చిన్నదాన్ని ముద్దాడానని చెప్పు. అమ్మను తన చెయ్యి నా తల మీద ఉందనుకుని ప్రార్థించమను.

నీ తమ్ముడు,
సామేలు

ఉత్తరం మడిచాక మళ్ళీ రాస్తున్నాను. ఎల్లేశన్న గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయాడు. ఈ పొద్దున అధ్యాయం అయ్యేదాకా కూర్చుని, తర్వాత సంచి తీసుకున్నాడు. కాచిగూడ స్టేషన్ దాకా నేనూ పోయాను. తొమ్మిది గంటల బండి ఎక్కాడు.