కార్డు సెక్షన్ కబుర్లు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ‘అందరం’ అని చెయ్యి అలవాటుగా రాసేసింది. నేను, వంటావిడ, డ్రైవరు. ముగ్గురం క్షేమమే. నువ్వూ అల్లుడూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం చేరింది. ఫోన్ చేయకుండా కాగితం ఎందుకు పట్టుకున్నానా అనుకుంటావు. ఫోన్‌లో నీ గొంతు వింటే మళ్ళీ ఏదో ఒకటి కల్పించి చెప్తాను. అందుకని.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మోకాలు మెట్లెక్కేటప్పుడు మాత్రమే తన ఉనికి గుర్తుచేస్తోంది. తిండికి లోటు లేదు. వంటావిడ ఇప్పటికీ ఇద్దరికి వండుతోంది. “ఒక్కరికి వండితే ఉప్పు కుదరట్లేదయ్యగారూ” అంటుంది. మిగిలింది ఆవిణ్ణే పట్టుకెళ్ళమన్నాను.

అమ్మ బీరువా తెరిచాను. అడుగు అరలో ఊలు శాలువాలు పది ఉన్నాయి, మడతలు పెట్టి. పదకొండోది అల్లిక సూదుల మీదే ఉంది. ముప్పాతిక వంతు అయింది. సూదులు తియ్యలేదు. తీస్తే ఊడిపోతుందేమోనని భయం.

ఆసుపత్రి కొత్త భవనం మీద అమ్మ పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందని అడిగావు. పెద్దరోడ్డు మీద నుంచి కనిపిస్తుందని ఇంజనీరు సంబరపడుతున్నాడు. అమ్మ సొంత గొడుగు మీద కూడా పేరు లోపలివైపు కుట్టుకున్న మనిషి. ఏమనేదో ఊహించుకో.

ఇక ఆఖరి ప్రశ్న. గుండీల ఫ్యాక్టరీ కార్డు సెక్షన్‌లోని పదకొండుమంది ఆడవాళ్ళ పేర్లు, చిరునామాలు పంపమన్నావు. ప్రారంభోత్సవం నాడు వాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి, అమ్మ వాళ్ళకోసం అల్లిన శాలువాలు నీ చేత్తో కప్పుతానన్నావు. మాట్లాడేటప్పుడు పిల్లి కథ చెప్తానన్నావు. దీనికి జవాబు కాస్త పొడుగు.

నువ్వు పుట్టకముందు సంగతితో మొదలుపెడతాను. ఆ ఫ్యాక్టరీ నేను కొన్న మొట్టమొదటిది. కొనేముందు నేను ఆఫీసు గదిలో కూర్చుని పుస్తకాలు తిరగేస్తుంటే, అమ్మ క్యాంటీన్‌లో వాళ్ళతో కూర్చుని భోంచేసింది. తర్వాత కార్డు సెక్షన్‌కి వెళ్ళింది. గుండీలు డజను చొప్పున అట్టముక్కల మీద కుట్టే చోటు అది. తనూ ఒక అట్ట కుట్టబోయి సూది గుచ్చుకుంది. అక్కడి పెద్దామెను అందరూ సూదక్క అంటారు. “అమ్మగారూ, గుండీని కుట్టమన్నాం, వేలిని కాదు” అందట. అమ్మ కారెక్కగానే రెండు మాటలే చెప్పింది. “సబ్బుంది. కొనండి.”

దానితో కలిపి ముప్ఫై ఏళ్ళలో పద్నాలుగు కంపెనీలు కలుపుకున్నాను. ప్రతిచోటా అదే పద్ధతి. నేను లెక్కలు చూసేవాణ్ణి, అమ్మ పనివాళ్ళు చేతులు కడుక్కునే చోటు చూసేది. ఒకచోట సబ్బుకి చిల్లి పొడిచి, తాడేసి కుళాయికి కట్టారట. “సబ్బు విషయంలోనే మనిషిని నమ్మనివాడు రేపు మిమ్మల్ని నమ్ముతాడా?” అంది. మానేశాను. ఏడాది తిరక్కుండా ఆ కంపెనీ మునిగింది. పత్రికలవాళ్ళు నా దూరదృష్టి గురించి రాశారు. దూరదృష్టి కాదు, సబ్బు.

పదిహేనోది వేరు. ఈసారి మనకన్నా పెద్దవాళ్ళతో కలవడం. అమ్మకి జబ్బు తెలిసి అప్పటికి ఆరో నెల. ఒక్కణ్ణే వెళ్ళాను. “గుండీల షెడ్డు మీకు జ్ఞాపకం. మాకది స్థలం” అన్నాడు వాళ్ళ ఛైర్మను. దాన్ని మూసేస్తేనే విలీనం. సంతకం పెట్టాను. పెట్టకపోతే విలీనం ఆగేది, అంతే. ఆకాశం ఊడిపడేది కాదు. ఎందుకు పెట్టానంటే చెప్పుకోదగ్గ కారణం లేదు. ముందుకు నెట్టడం అలవాటైన చెయ్యి.

ఇంటికొచ్చేసరికి అమ్మ దిండ్లకి ఆనుకుని కూర్చుంది.

“సబ్బుందా?” అంది.

నేను చూడనేలేదు. “ఉంది” అన్నాను.

“కార్డు సెక్షన్‌కి ఏం కాదుగా?”

“ఏం కాదు.”

మూసివేత కాగితం ఆ గదిలోనే, నా సంచిలో ఉంది.

ఆ పైవారం నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి, టీ వేళకి అమ్మ అడిగేది. “కార్డు సెక్షన్ కబుర్లేంటి?” నాకు కథలు రావని నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు కథ చెప్పమంటే, “ఒక రాజుండేవాడు. పోయాడు. పడుకో” అనేవాణ్ణి. అలాంటివాణ్ణి ఎనిమిది నెలలు కథలు చెప్పాను. సూదక్కకి కొత్త కళ్ళజోడొచ్చిందన్నాను. ఫ్యాను ఎటు తిరగాలని ఇద్దరు పోట్లాడుకుని, ఒకరి పచ్చడి ఒకరు ముట్టడం మానేశారన్నాను. నీలం గుండీల పెట్టెలో పిల్లి ఈనిందనీ, దాన్ని కదపలేక వారంపాటు నీలం గుండీలే కుట్టలేదనీ చెప్పాను. నువ్వు ఆ రోజు మంచం పక్కనే ఉన్నావు. అమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. నువ్వూ నవ్వావు.

చిట్టీ, ఆ పిల్లి లేదు. కళ్ళజోడు లేదు. కార్డు సెక్షన్ లేదు. నేను మొదటి కథ చెప్పేనాటికే పదకొండుమందినీ పంపించేశాను.

ఇది సగమే. రెండో సగం రాయడం ఇంకా కష్టంగా ఉంది.

నీ ఉత్తరం చదివి, మంగళవారం పొద్దున శాలువాలు కారులో పెట్టుకుని సూదక్కను వెతుక్కుంటూ వెళ్ళాను. నిజం చెప్పడానికి కాదు. ఆ రోజుకి పదకొండుమందీ వచ్చి, ఇంకా పనిలో ఉన్నట్టే కూర్చుని, శాలువాలు కప్పించుకుని వెళ్ళమని అడగడానికి. నీ దగ్గర కూడా ఆ అబద్ధం నిలబెట్టుకోవాలనుకున్నాను.

దర్జీ కొట్టు పైన రెండు గదులు. కిటికీ దగ్గర కూర్చుని ఒక చొక్కాకి గుండీలు కుడుతోంది. చెయ్యి బారెడు దూరం చాపి సూదిలో దారం ఎక్కిస్తోంది. మూడుసార్లు తప్పింది. నన్ను చూసి లేవలేదు. కుర్చీ మీది బట్టలు తీసి, “కూర్చోండి సార్” అంది. నేను నోరు విప్పేలోపే తనే మొదలుపెట్టింది.

“అమ్మగారు బుధవారం బుధవారం ఫోన్ చేసేవారు. మీరు ఆఫీసుకెళ్ళాక.”

“ఎప్పటినుంచి?” అన్నాను.

“షెడ్డు మూసిన పదోనాడు మొదటి ఫోను. కొత్త కళ్ళజోడు ఎలా ఉంది, ఆయన చెప్పారు అన్నారు. కళ్ళజోడేంటో నాకు అర్థం కాలేదు. కాసేపటికి అయింది.”

“ఏమన్నావు?”

“బావుందమ్మా, గోధుమరంగు ఫ్రేము అన్నాను. ఊపిరాడని మనిషికి షెడ్డు మూశారని ఏ నోటితో చెప్తాం సార్? మిగతావాళ్ళకీ చెప్పిపెట్టాను. ఎవరికి ఫోనొచ్చినా పనిలో ఉన్నట్టే మాట్లాడాలని. ఒకామైతే ఫోన్ పక్కన కుట్టుమిషను తొక్కేది. చప్పుడు ఉండాలిగా!” అని నవ్వింది.

నేను పని తీసేసిన మనుషులు, చిట్టీ. ఎనిమిది నెలలు నా అబద్ధాన్ని మోశారు. నాకు తెలియకుండా.

ఆ మాటలు విన్నాక కూడా నేను వెళ్ళిన పని అడిగాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. సూదక్క దారం పళ్ళతో తెంపింది.

“అమ్మగారికోసం ఆడాను. మీకోసం ఆడను. ఆ పాపకి మీరే చెప్పండి.”

శాలువాలు ఇవ్వబోయాను. పుచ్చుకోలేదు. “అన్నీ తెలిశాక, పాపకి ఇవ్వబుద్ధయితే తన చేత్తో ఇవ్వనివ్వండి. అప్పుడొస్తాం.” కళ్ళజోడైనా కొనిస్తానన్నాను. “ఇప్పుడెందుకు సార్, రంగేంటని అడిగేవాళ్ళు లేరుగా” అంది.

మెట్ల దాకా వచ్చి ఆగింది. “ఇంతకీ మీరు పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందన్నారు?”

“నాలుగు.”

“అయ్యో,” అని నోటిమీద చెయ్యి పెట్టుకుంది. “నేను మూడన్నానే!”

పిల్లి కథ చెప్పిన వారానికి కాబోలు, నువ్వు వెళ్ళిపోయాక, అమ్మ టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది. “ఏమండీ, పిల్లిపిల్లలు నాలుగేనా? సరిగ్గా లెక్కపెట్టారా?” నాలుగేనన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసింది. “సరే. రేపు ఇంకేమైనా చెప్పండి” అంది. తెల్లారి ఏం చెప్పాలా అన్న ఆలోచనలో నాకు ఆ చూపు పట్టలేదు.

మూడు, నాలుగు. అప్పట్లో రెండూ విన్న మనిషి అమ్మ ఒక్కతే. అబద్ధమని తెలిసే విందో, ఒకరు తప్పు లెక్కపెట్టారనుకుందో నాకు తెలియదు. ఇక తెలియదు.

అమ్మ పేరు భవనం మీద ఎక్కించవద్దని చెప్పాను. నువ్వొచ్చి ఎక్కించమంటే ఎక్కుతుంది. వద్దంటే వద్దు. నాతో మాట్లాడటం మానేస్తే అదీ సబబే. కానీ శాలువాలు మాత్రం వచ్చి తీసుకో. పదకొండోది నీకు అల్లిక వస్తే పూర్తిచెయ్యి. సూదక్క ఇల్లు డ్రైవరుకి తెలుసు, నేను రానక్కర్లేదు.

ఆ రోజు పిల్లి కథ చెప్పాలో వద్దో నీ ఇష్టం. చెప్తే మాత్రం పిల్లలు మూడని చెప్పు. సూదక్క లెక్కే ఉండనీ.

ఇట్లు,
జవాబు రాకపోయినా ఎదురుచూసే
మీ నాన్న