మైదానంలో నాలుగు కుళాయిలు

బావమరిదికి,

ఏడాదిగా కడుపులో పెట్టుకున్న మాట ఇది. నా రాత కోడి గెలికినట్టుంటుంది, కూడబలుక్కుని చదువుకో.

నువ్వు పాటల సంబరం పెత్తనం చేపట్టిన ఏడాదే మైదానంలో ఉన్న నాలుగు కుళాయిలకీ గోనెసంచులు కట్టించావు. చెడిపోయాయన్నావు. నిరుడు నేను ఒక సంచి విప్పి చూశాను. కుళాయి చెడిపోలేదు, పిడి ఊడదీసి ఉంది. ఆ కుళాయిలు బిగించింది నేను. పానా పట్టడం నీకు నేర్పిందీ నేనే. నేర్చిన విద్య బాగానే వాడుకున్నావు.

ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లు గేటు దగ్గర పారబోయిస్తావు. లోపల సీసా నీళ్లేమో పూట భోజనం ధర. నిరుడు మీ అక్కకి కొనిస్తానన్నాను. "తమ్ముడి సంబరంలో నీళ్లు కొనుక్కోవడమేంటండీ, వాడి పరువు పోదూ" అంది. రెండు గంటలు ఎండలో కూర్చుని కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు నువ్వు వేదిక మీద గాజు గ్లాసులో నీళ్లు గుటకేస్తూ ప్రజాసేవ గురించి మాట్లాడుతున్నావు. మహానుభావుడివి.

మీ అక్క ఈ ఏడాదీ వస్తానంటోంది. పాటలంటే అంత పిచ్చి. ఎండలో నీళ్లు లేకుండా ఉంటే ఈసారి లేవదని డాక్టరు నాతో చెప్పాడు. ఈ ఉత్తరం సంగతి ఆమెకు తెలియదు.

గురువారం సాయంత్రంలోగా నాలుగు పిడులూ బిగించి, బిగించానని జవాబు రాయి. జవాబు రాకపోతే శనివారం సంబరానికి నేను పానాతో రాను. మీ అక్క చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కుతాను. నీ గ్లాసు ఆమెకిస్తాను. ఆమె తాగేలోగా, ఈవిడెవరో మైకులో నువ్వే జనానికి చెప్పుకో.

మీ బావ