గడియ చప్పుడు తర్వాత

ప్రియమైన అక్కకు,

మోకాలి నొప్పి ఎలా ఉంది? మందులు వేళకు వేసుకుంటున్నావా, డబ్బాలోనే దాచుకుంటున్నావా? నాకు తెలుసులే నీ సంగతి.

ఒక మంచి కబురు. బావగారి తలుపు కథను నాటకం చేస్తున్నాను. ఆయన పోయి ఆరేళ్ళయినా బడి పిల్లలు ఇప్పటికీ ఆ కథ చదువుతూనే ఉన్నారు. పెద్ద హాలు కూడా దొరికింది. కథకు హక్కుదారువి నువ్వు కాబట్టి అనుమతి కాగితం పంపుతున్నాను, సంతకం పెట్టు. స్టేజీ బొమ్మ గీయించాం, అదీ చూడు.

చిక్కల్లా ఒకటే. కథ ఎనిమిది పేజీలు, నాటకం గంటన్నర. భర్త రాసుకుంటాడు, వచ్చేపోయే వాళ్ళతో మాట్లాడతాడు. భార్య మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒక్క మాటా అనదు. ఒక మధ్యాహ్నం సంచీ తీసుకుని బయటికి వెళ్ళి తలుపు మూస్తుంది. గడియ చప్పుడు. అంతే, కథ అయిపోయింది. చదువుకోవడానికి బ్రహ్మాండమే. స్టేజీ మీద మనిషి గంటన్నర నోరు విప్పకపోతే జనం ఊరుకుంటారా? ఆమె చేత ఏం మాట్లాడించాలో తోచక తల పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఆ కథ రాసిన రోజుల్లో ఆ ఇంట్లో ఉన్నదానివి, ఏమైనా తడితే రాయి.

నీ ముద్దుల తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడికి,

సంతకం పెట్టాను. మందులు వేసుకుంటున్నాను, నీ మీద ఒట్టు.

నీ స్టేజీ బొమ్మ నిండా తప్పులే. రాసుకునే బల్ల కిటికీ దగ్గర కాదు, వంటగది గుమ్మానికి ఎదురుగా ఉండాలి. అక్కడ కూర్చుంటే లోపల గిన్నె కదిలినా వినబడుతుంది. సంచీ తోలుది కాదు, నీలం గుడ్డది. జిప్పు పాడైంది, కింద చెయ్యి పెట్టి పట్టుకోవాలి. తలుపు ఊరికే లాగితే పడదు, కాస్త పైకెత్తి లాగాలి. ఆ వేషం వేసే అమ్మాయికి ఇవన్నీ నేర్పించు.

మాటలంటావా, ఏమీ రాయకు. ఆమె ఏమన్నా ఆయన పలికేవాడు కాదు. రాసుకునేటప్పుడు గిన్నె చప్పుడైతే చాలు, మాట మానేసేవాడు. ఒకసారి పదకొండు రోజులు. కథలో ఆమెను మూగదాన్ని చేశాడు గానీ నోరు విప్పనిది ఆయన. కథ సంగతే చెబుతున్నాను, కంగారుపడకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ జ్ఞాపకశక్తికి దండం పెట్టాలి. బల్ల మార్చాం, నీలం సంచీ కుట్టించాం. మాటలు లేకుండానే ఆడతానని ఆ అమ్మాయి కూడా అంది. కాకపోతే రోజూ ఒకటే ప్రశ్న వేసి నా ప్రాణం తీస్తోంది. "తలుపేశాక నేను ఎక్కడికి వెళ్తాను సార్?" ఎక్కడికీ వెళ్ళవమ్మా, తెర పడుతుంది అన్నాను. ఊరుకోవడం లేదు.

నీకో రహస్యం చెప్పనా? ఆ ముగింపు నా చలవే. అప్పట్లో బావగారి చిత్తుప్రతులన్నీ శుభ్రంగా తిరగరాసి పెట్టేవాణ్ణి కదా. ఈ కథకు ఇంకో పేజీ ఉండేది. ఎవరో పెద్దమనిషి నచ్చజెప్పి ఆమెను ఇంటికి తీసుకొస్తాడు, ఆమె వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. మరీ చప్పగా ఉంది బావా, గడియ చప్పుడు దగ్గరే ఆపేయండి అన్నాను. ఆయన కాసేపు నా వంక అదోలా చూసి, ఆ కాగితం చింపేశారు. ఇవాళ అందరూ మెచ్చుకునేది ఆ ముగింపునే!

ఇంతకీ ఆమె ఎక్కడికి వెళ్ళి ఉంటుందంటావ్? సరదాకే అడుగుతున్నాను.

నీ తెలివైన తమ్ముడు

*

ప్రియమైన అక్కకు,

నెల దాటింది, జవాబు లేదు. ఒంట్లో బాగానే ఉందా? నాటకం ఇంకా పదిహేను రోజులే. ఏమైనా కోపమా?

నీ తమ్ముడు

*

చిన్నోడా,

ఆమె ఎక్కడికి వెళ్ళిందో నీకు తెలుసు. చెప్పుల దుకాణం మీద ఉన్న నీ గదికి వచ్చింది. తలుపు తీసింది నువ్వే.

నీకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నన్ను చూసి సంబరపడిపోయావు. ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి, బకెట్ బోర్లించుకుని కూర్చున్నావు. టీ తాగి, ఇక ఆ ఇంట్లో ఉండలేనురా అన్నాను. ఒక్కసారే అన్నాను. నువ్వు నవ్వి, "బావ మంచివాడక్కా. కాస్త కోపం, అంతేగా" అన్నావు. గంటలో బస్సెక్కించావు. జిప్పు పాడైన ఆ సంచీని దారంతా నువ్వే మోశావు. అక్క నన్ను చూడ్డానికి వచ్చింది బావా అని, నా పరువు దక్కాలని ఆయనతో అబద్ధం కూడా ఆడావు. నేను లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించాను.

నీ అబద్ధాన్ని ఆయన నమ్మలేదు. ఆ పెద్దమనిషివి నువ్వేరా. నీ వయసు మార్చాడు, అంతే. నువ్వు గుర్తుపట్టలేదు.

ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు ఆయనతో కాపురం చేశాను. కథ చదివిన ఆడపిల్లలు వచ్చి, మీ వల్లే మాకు ధైర్యం వచ్చిందని ఆయనతో అంటుంటే, వాళ్ళకు టీలు అందించింది నేనే. నీ మీద కోపముంటే ఇన్నేళ్ళు ఉత్తరాలు రాసేదాన్ని కాదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ పేజీ తిరిగి పెట్టు. ఆమె వెనక్కి వచ్చిందని ఎవరైనా ఒక్కసారి చెప్పాలి.

నీ అక్క

*

అక్కా,

ఏ మొహం పెట్టుకుని రాయను? రెండు రోజులుగా నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ బస్సు ప్రయాణం నాకు గుర్తుంది. నిన్ను క్షేమంగా దింపి వచ్చానని వారం రోజులు గర్వంగా తిరగడమూ గుర్తుంది.

ఆ పేజీ గుర్తు తెచ్చుకుని రాశాను. రిహార్సల్లో చదివితే ఆ అమ్మాయి ఏడ్చేసింది, ఆడి తీరతానంది. హాలు వాళ్ళు ఒప్పుకోలేదు. జనం వచ్చేదే ఆ గడియ చప్పుడు కోసమట, ఆమెను వెనక్కి తెస్తే మహా రచయితను అవమానించినట్టేనట. ముగింపు మార్చకూడదని నువ్వు సంతకం పెట్టిన అనుమతి కాగితంలోనే ఉంది. బావగారి మీద గౌరవంతో ఆ షరతు రాయించింది నేనే. ఇప్పుడు అదే నా మొహం ముందు పెట్టారు.

ఆమె మా అక్క అని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. అప్పుడూ చేతకానివాణ్ణే, ఇప్పుడూ అంతే. నాటకానికి మాత్రం రాకక్కా. నీ కళ్ళముందు ఆ తలుపు వేయించలేను.

నీ తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడికి,

వచ్చాను. పక్కింటావిడకు వీలుపడకపోతే ఆవిడ టిక్కెట్టు మీద వచ్చాను. ముందు వరసలో, గోడవైపు చివరి సీటు.

బల్ల సరిగ్గా పెట్టావు. ఆ అమ్మాయి సంచీ కింద చెయ్యి పెట్టింది, తలుపు పైకెత్తి లాగింది. నేనే వెళ్తున్నట్టు అనిపించింది. గడియ చప్పుడుకు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నా పక్కనున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత ధైర్యమండీ, వెళ్ళిపోయింది" అంది. అవునమ్మా అన్నాను.

కానీ నా సీటు పక్కకు ఉంది కదా, అక్కడినుంచి తలుపు వెనక భాగం కనబడుతుంది. చప్పట్లు మోగుతున్నంతసేపూ ఆ పిల్ల అక్కడే ఉంది. ముందు తలుపు, వెనక గోడ. కదిలితే జనానికి కనబడుతుంది. సంచీని గుండెకు హత్తుకుని, తెర పడేదాకా అలాగే నిలబడింది. వెళ్ళిపోయిందనుకుని అందరూ సంతోషంగా ఇళ్ళకు వెళ్ళారు. నేనొక్కదాన్నే చూశాను.

ఆ పేజీ పెట్టలేకపోయానని కుమిలిపోకు. అది నీ చేతుల్లో లేదు, సంతకం పెట్టేశాక నా చేతుల్లోనూ లేదు. ఇంకా ఎనిమిది ఆటలున్నాయట కదా. నాకొక్క పని చేసిపెట్టు. తలుపు వెనక ఆ పిల్లకు ఒక కుర్చీ వేయించు.

నీ అక్క