ఖాళీ గడిలో రాసిన ఉత్తరం

హుస్సేన్ భాయ్,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. జాకరండా పూలు రాలి, మనం వలసొచ్చి స్థిరపడిన ఈ పెండిల్ హిల్‌లో వీధంతా ఊదారంగుగా ఉంది. మీ కిరాణా కొట్టు తలుపు తోస్తే మీరే లోపలినుంచి పిలిచినట్టు ధనియాల వాసన.

సిటీ లైబ్రరీలో మనం ఆఫ్రికానుంచి వచ్చిన నల్లజాతివారి పాతకాలపు పత్రిక చూసొచ్చిన శనివారం గుర్తుందా? సముద్రాలు దాటొచ్చినవాళ్లు తమ వార్తలు తామే అచ్చేసుకున్నారని మురిసిపోయారు.

"మనమూ వేద్దాం రాజూ. చేత్తో రాసి జిరాక్స్ తీద్దాం. చివరి గడి మాత్రం ఖాళీగా వదిలెయ్. చదివినోళ్లు వాళ్ల కబురు రాసి పక్కింటికిస్తారు" అన్నారు.

పగలంతా ఆఫీసులో Y2K కోసం కంప్యూటర్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలు దిద్ది, సాయంత్రం మీ గల్లా పక్కన కూర్చుని మన పత్రిక రాసేవాణ్ని.

ఆ రోజు మనకు ఆ పత్రిక చూపించిన లైబ్రరీ ఆవిడే నిన్న కొట్టుకు వచ్చింది. ఇళ్లు తిరిగొచ్చిన కాపీలన్నీ బల్లమీద పరిచి, "వీటిలో ఒరిజినల్ ఏది?" అంది. ఒకదాని గడిలో పక్కపేట గిరావీన్‌లో పుట్టిన పాప పేరు, ఇంకోదానిలో వీసా వచ్చిందన్న కేక, మరోదానిలో ఒట్టి పులుసు మరక.

"అన్నీ ఒరిజినల్సే" అన్నాను.

అన్నీ తీసుకెళ్లింది. మీరు చూసిన ఆ పత్రిక పక్కనే పెడతారట.

ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. మీరు ఆసుపత్రిలో ఉండగా నేను రాసిన చివరి సంచిక అది. ఎవరికీ పంచలేదు. దాని ఖాళీ గడిలోనే చిన్న అక్షరాలతో ఇదంతా రాస్తున్నాను. చోటు అయిపోవచ్చింది.

రాసినవాళ్లు పక్కింటికివ్వాలని కదా మీ నియమం. దీన్ని ఎవరింటికివ్వను భాయ్?